బదిలీ వర్కర్: వరుసలో నిలిచిన హక్కు

కార్మికోద్యమ చరిత్రను సమ్మెలతో, లాఠీఛార్జీలతో, ఒప్పందాలతో చెప్పుకోవడం మనకు అలవాటు. ఒక కార్మికుడు పనికి రాని రోజున ఆ షిఫ్టు ఎవరికి దక్కాలన్న ప్రశ్నను మాత్రం ఆ చరిత్ర అంతగా పట్టించుకోలేదు. ఢిల్లీ బేర్ సరాయ్‌లో పోటీ పరీక్షల గైడ్లు చదివే అభ్యర్థికి ‘బదిలీ వర్కర్’ అంటే ఒక నిర్వచనం మాత్రమే. ఇది ఉద్యోగ బదిలీ కాదు. ఒకరికి బదులుగా మరొకరు చేసే పని. సింగరేణి ప్రాంతంలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు.

బొంబాయి నూలు మిల్లుల్లో ఆ షిఫ్టును పంచే అధికారం జాబర్‌ది. అతడికి మామూలు ముట్టజెప్పినవాడికే మగ్గం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలెందరో ఈ మిల్లుల్లోనే బతుకు వెతుక్కున్నారు. నియామకాల అధికారాన్ని జాబర్ చేతుల్లోంచి తప్పించాలని 1931లో విట్లీ కమిషన్ సిఫార్సు చేసింది. 1935లో మిల్లు యజమానుల సంఘం ప్రతి నెలా ఒకటో తేదీన కొందరికి బదిలీ కార్డులిచ్చి, రోజువారీ ఖాళీలను వారితోనే నింపే పద్ధతి తెచ్చింది. కార్డుల తర్వాత తలెత్తే ప్రశ్న వరుసది: ఎవరిని ముందు పిలవాలి? సీనియారిటీ అన్నది కార్మికుల సహజమైన జవాబు.

అయితే ఆ జవాబులో ఒక ముల్లుంది. పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ లే-ఆఫ్ పరిహారం నుంచి బదిలీ వర్కర్‌ను మినహాయించింది. ఏడాది నిరంతర సర్వీసు పూర్తయితేనే ఆ మినహాయింపు తొలగుతుంది. ఏడాదంటే చట్టం లెక్కలో 240 పనిదినాలు, భూగర్భ గనుల్లో 190. ఒక మిల్లులో పదిమంది బదిలీలు, రోజుకు నాలుగు ఖాళీలు, ఏడాదికి 300 పనిదినాలు అనుకుందాం. వంతులవారీగా పంచితే తలా 120 రోజులు. ఒక్కరూ 240 చేరరు. సీనియారిటీ పాటిస్తే నలుగురు చేరతారు, ఆరుగురు గేటు బయటే ఉంటారు. సమానంగా పంచితే అందరికీ కూలి దొరుకుతుంది గానీ ఎవరికీ హక్కు రాదు. సీనియారిటీని కార్మికులు పట్టుకు వేలాడింది వయసు మీద గౌరవంతో కాదు, ఈ లెక్క తెలిసే.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండు లక్షలకు పైగా మిల్లు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, బదిలీలను పర్మినెంట్ చేయాలన్నది వారి డిమాండ్లలో ఒకటి. అదే ఏడాది పార్లమెంటు చేసిన సవరణ, పర్మినెంట్ హోదా ఎగ్గొట్టే ఉద్దేశంతో ఏళ్ల తరబడి బదిలీలుగానే కొనసాగించడాన్ని అన్యాయ కార్మిక విధానంగా గుర్తించింది. సమ్మె ఓడింది, మిల్లులు మూతపడ్డాయి, ఆ వాక్యం మాత్రం చట్టంలో మిగిలింది.

2025 నవంబర్ 21 నుంచి అమలైన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ వాక్యం ఉంది. కానీ స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే పరిమితి కేంద్ర చట్టంలోని 100 మంది కార్మికుల నుంచి 300కు పెరిగింది. అంతకు తక్కువ మంది ఉన్నచోట బదిలీ వరుసను రాతలో పెట్టమని యజమానిని నిలదీసేందుకు కార్మికుడికి ఆ ఆధారం లేదు. రాతలో లేని వరుస ఎవరి చేతుల్లోకి పోతుందో బొంబాయి మిల్లు గేట్లు ఒకసారి చూపించాయి. జాబర్ పోయాడు, అతడి కుర్చీ ఖాళీగానే ఉంది.