పార్వతీశం (నవలా పాత్ర)

వేమూరి పార్వతీశం మొక్కపాటి నరసింహశాస్త్రి (1892 - 1973) రచించిన "బారిస్టర్ పార్వతీశం" నవలలో కథానాయకుడు, కథకుడు. మొగల్తూరుకు చెందిన ఒక కుర్రవాడు బారిస్టరు చదువుకై ఇంగ్లండుకు బయలుదేరి, తాను పడిన పాట్లను తానే చెప్పుకొనడం ఈ నవల ఇతివృత్తం. దీని మొదటి భాగం 1924లో వెలువడింది. మిగిలిన రెండు భాగాలను రచయిత చాలా కాలం తరువాత వ్రాశాడు. ఈ పాత్ర ప్రసిద్ధి ప్రధానంగా మొదటి భాగం వల్ల వచ్చినదే.

స్వభావం

పార్వతీశం తల్లిదండ్రులకు చెప్పకుండా ఇల్లు విడిచి బయలుదేరుతాడు. ఇది సాహసమే అయినా ఇతడు సాహసి కాడు. రైలు, పట్నం, ఓడ అన్నీ ఇతడికి కొత్తవే. తెలియని విషయాన్ని ఎవరినైనా అడగడం ఇతడికి నామోషీ. తెలియదని ఒప్పుకొనడం అంతకంటే నామోషీ. అందువల్ల తెలిసినట్లే నటించి మరింత చిక్కుల్లో పడతాడు. దొరల దేశానికి వెళ్ళేవాడికి టోపీ ఉండాలని తలచి, ఆడవారి టోపీని కొని తెచ్చుకొనే ఘట్టం పాఠకులకు బాగా గుర్తుండేది. ఓడలో కత్తులు, ముళ్ళతో భోజనం చేయవలసి రావడం కూడా ఇటువంటిదే.

ఇతడిని కేవలం వెర్రిబాగులవాడిగా భావించేవారు ఉన్నారు. అది సరి కాదు. పల్లెటూరిలో ఇతడి వేషం, మాట, భోజనం ఎవరికీ వింతగా కనిపించవు. ప్రయాణం సాగేకొద్దీ అవే నవ్వులాట వస్తువులవుతాయి. పార్వతీశం మారకముందే అతడి చుట్టూ ఉన్న ప్రపంచం మారిపోతుంది. పరాయిచోట చదువుకై వెళ్ళిన ఏ విద్యార్థికైనా ఈ స్థితి అనుభవమే.

కథన పద్ధతి

ఈ నవలలో ఇద్దరు పార్వతీశాలు ఉన్నారని చెప్పవచ్చు. ఒకడు అవమానపడుతున్న కుర్రవాడు. రెండవవాడు లోకం చూసి వచ్చి, ఆ కుర్రవాడి కథను తీరికగా చెబుతున్న పెద్దవాడు. కుర్రవాడికి తన పొరపాటు ఆ క్షణంలో తెలియదు. పెద్దవాడికి తెలిసినా ముందుగా బయటపెట్టడు. హాస్యమంతా ఈ ఎడం నుండి పుట్టినదే. ఇదే కథను మూడవ వ్యక్తి చెప్పి ఉంటే అది ఒక అమాయకుడిపై చేసిన ఎగతాళిగా మిగిలేది. తన్ను చూసి తానే నవ్వుకొనడం వలన పాఠకుడి నవ్వులో చులకన ఉండదు.

గ్రాంథిక, వ్యావహారిక వాదాలు ఇంకా చల్లారని కాలంలో ఈ నవలను గోదావరి జిల్లా వాడుక మాటల్లో వ్రాయడం కూడా కథకుడికి కలిసివచ్చింది. గ్రాంథికంలో ఈ గొంతు పలకడం కష్టం.

ఎడింబరోలో చదువు సాగే రెండవ భాగంలో ఇతడి బెదురు క్రమంగా తగ్గుతుంది. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాతి జీవితం, స్వాతంత్ర్యోద్యమం మూడవ భాగంలో వస్తాయి. బెదురు తగ్గినకొద్దీ నవ్వు కూడా పలుచబడింది.

ఇతర పాత్రలతో పోలిక

గురజాడ అప్పారావు "కన్యాశుల్కం"లోని గిరీశం మాటకారి. తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పి ఎదుటివారిని మోసగిస్తాడు. పార్వతీశం అదే పని చేసి తానే మోసపోతాడు.

విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922 - 1993) తన తొలి నవల "అల్పజీవి"లో సుబ్బయ్య అనే గుమాస్తాను సృష్టించాడు. సుబ్బయ్యకు కూడా లోకమంటే బెరుకే. అయితే ఆ భయాన్ని రచయిత చైతన్య స్రవంతి పద్ధతిలో, సుబ్బయ్య మనసులో దూరి చూపించాడు. సుబ్బయ్య తన భయంలోనే చిక్కుకొని ఉంటాడు. పార్వతీశం వలె దానిని దాటివచ్చి, వెనుదిరిగి కథగా చెప్పే అవకాశం అతడికి లేదు.

చలనచిత్రం

ఈ నవల ఆధారంగా 1940లో ఆర్.ప్రకాశ్ దర్శకత్వంలో "బారిస్టర్ పార్వతీశం" చిత్రం వచ్చింది. పార్వతీశంగా లంక సత్యం నటించాడు. నటి జి.వరలక్ష్మికి ఇది తొలి చిత్రం.