కందెన గొట్టం నుంచి బ్యాటరీ గన్ను దాకా



కందెన వేయని బండికి సంగీతానికి కొదవ లేదని మన పెద్దలు ఎగతాళి చేసేవారు. ఆ సంగీతం చెవులారా విన్నవారు ఇప్పుడు మన వూళ్ళలో తక్కువ. ఇరుసు ఎండిపోయిన ఎడ్లబండి కీచుమంటూ వస్తూ వుంటే చేలో పనిచేసుకునేవాళ్ళు తలలెత్తి చూసేవారు. బండి ఆసామికి సిగ్గేసి దిగి, చీల వూడదీసి, చక్రాన్ని కాస్త బయటికి లాగి, ఇరుసుకు కందెన పట్టించేవాడు. ఆ కందెన ఏ అంగడిలోనూ కొన్నది కాదు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో వేసి బాగా మెదిపితే కందెన. వెదురు గొట్టంలో పోసి, ఒక పుల్ల వేసి, బండికే వేలాడదీసేవారు.

ఈ పనిలో వొక తెలివి వుంది, గమనించండి. వొట్టి ఆముదం పోస్తే కారి నేలపాలవుతుంది. మసి కలిపితే అది నూనెను పట్టుకుని ఇరుసును అంటిపెట్టుకుని వుంటుంది. ఇవాళ మనం డబ్బాలో కొనే గ్రీజు కూడా ఇంతే. అందులోనూ పనిచేసేది నూనే. దానిని పట్టి వుంచేది వొక రకం సబ్బు. మునుపు సున్నపు సబ్బుతో చేసేవారు. అది వేడికి తట్టుకునేది కాదు. 1942లో క్లారెన్స్ ఎర్ల్ అనే అమెరికా దేశస్థుడు లిథియం అనే లోహంతో చేసిన సబ్బు గ్రీజుకు పేటెంటు పొందాడు. వేడికీ, నీటికీ బాగా ఓర్చుకునే గ్రీజు అది. మన ట్రాక్టర్లకు వాడేది చాలావరకు ఆ జాతిదే.

ఇంతకీ ఈ కందెన పురాణం ఎందుకంటే, ఈ మధ్య నేను ఏ వూరు వెళ్ళినా వొక ప్రశ్న ఎదురవుతున్నది. "ఏమండీ, బ్యాటరీతో నడిచే గ్రీజు గన్ను వచ్చిందటగా, కొనమంటారా?" అని. అవునని గాని కాదని గాని వొక్క ముక్కలో చెప్పేస్తే సులువే. కాని ఆ గన్ను ఏ కష్టం తీర్చడానికి పుట్టిందో తెలిస్తే, ఆ కష్టం మీకు వుందో లేదో మీరే తేల్చుకోగలరు. నేను డిప్లొమా చదివే రోజుల్లో గ్రీజును గురించి మాకు చెప్పిన పాఠం అరపేజీకి మించలేదు. మిగతాది షెడ్లలో మేస్త్రీల దగ్గర నేర్చుకున్నాను.

ఇనుప యంత్రాలు వచ్చిన కొత్తలో గన్ను లేదు. బేరింగు మీద చిన్న ఇత్తడి కప్పు వుండేది. అందులో గ్రీజు నింపి మూత బిగించేవారు. రోజూ ఆ మూతను కాస్త కాస్త తిప్పితే గ్రీజు లోపలికి దిగేది. వొక్కో యంత్రానికి ఇలాంటి కప్పులు ఎన్నో. ఒకటి మరిచిపోయినా బేరింగు పోయేది. పైగా మూత తిప్పినందువల్ల వచ్చే వత్తిడి చాలా తక్కువ. లోపల చేరిన దుమ్మునూ, గట్టిపడిన పాత గ్రీజునూ అది బయటికి నెట్టలేదు.

1916 ప్రాంతంలో, షికాగో నగరంలో ఆలెమైట్ అనే పోత పనుల కార్ఖానా వుండేది. అక్కడ యంత్రాలకు కందెన పెట్టే పని యజమాని కొడుకు ఆర్థర్ గల్‌బోర్గ్‌కు అప్పగించారు. కప్పు తరువాత కప్పు నింపుతూ తిరగడం అతనికి విసుగు పుట్టించింది. మర తిప్పితే గ్రీజును బలంగా తోసే గొట్టం వొకటి చేసి, దానికి వంగే లోహపు హోసు తగిలించి, బేరింగు మీది మూతికి బిగించాడు. గ్రీజు గన్నుకు నాంది అదే. సోమరితనం కొన్నిసార్లు లోకోపకారం చేస్తుంది సుమండీ!

అటు తరువాత వియన్నాలో పుట్టి అమెరికా చేరిన ఆస్కార్ జెర్క్ అనే ఆయన ఆ మూతినే మార్చేశాడు. బిగించడం, విప్పడం అక్కరలేకుండా గన్ను ముక్కును ఆనించి నొక్కితే చాలు. ఆయన పేటెంటు 1929 జనవరి నాటిది. అమెరికా రైతులు ఈనాటికీ దానిని ఆయన పేరుతో జెర్క్ అనే పిలుస్తారు. మనం నిప్పిల్ అంటున్నది దానినే. దాని లోపల చిన్న ఉక్కు గుండు, దాని వెనుక స్ప్రింగు వుంటాయి. గ్రీజు నెడితే గుండు వెనక్కి జరిగి దారి ఇస్తుంది. నెట్టడం ఆగగానే దారి మూస్తుంది. అందుచేత లోపలికి పోయింది తిరిగి రాదు. నిప్పిల్ మీద వున్న మట్టిని తుడవకుండా గన్ను ఆనిస్తే ఆ మట్టీ అంతే, లోపలికి పోతుంది, తిరిగి రాదు. గుడ్డముక్క గన్నుతో పాటే వుండవలెనని మేస్త్రీలు అనేది ఇందుకే.

మన దేశంలో ట్రాక్టర్లు మొదట దిగుమతి సరుకు. 1959లో ఫరీదాబాదులో ఐషర్ కంపెనీ మన దేశపు ట్రాక్టరును బయటికి తెచ్చింది. ట్రాక్టరుతో పాటే చేతి లీవరు గన్ను మన షెడ్లకు చేరింది. చవకైనది, మొండిది. పడేసినా పనిచేస్తుంది. వొక్కో దెబ్బకు గ్రాముకు అటూ ఇటూగా గ్రీజు పోస్తుంది. అంటే నాలుగు వందల గ్రాములు పట్టే గన్ను ఖాళీ కావాలంటే సుమారు నాలుగు వందల సార్లు లీవరు కొట్టవలెను. వత్తిడి మాత్రం తక్కువ అనుకోకండి. చదరపు అంగుళానికి ఆరు వేల పౌన్లూ, ఆపైనా తేగలదు.

దీనితో వొక చిక్కు వుంది. గన్ను పట్టడానికి వొక చెయ్యి, లీవరు కొట్టడానికి వొక చెయ్యి, ముక్కు నిప్పిల్ మీద నిలవడానికి ఇంకొక చెయ్యి కావాలి. దేవుడు మనకు రెండే ఇచ్చాడు. నిలబడి పెట్టే నిప్పిల్‌కు ఎలాగో సర్దుకుంటాం. యంత్రం కింద వెల్లకిలా పడుకుని, మోచెయ్యి ఆడని చోట పెట్టవలసిన నిప్పిల్ మాటేమిటి? దానిని వదిలేస్తాం. "రేపు పెడదాంలే" అంటాం.

డెల్టాలో వొక వరికోత యంత్రం యజమాని సంగతి చెబుతాను. యంత్రానికి నిప్పిళ్ళు డజన్లకొద్దీ వున్నాయి. పనివాడు మంచివాడే, రోజూ పొద్దున్నే గ్రీజు పెట్టేవాడు. కాని అడుగున, కవరు వెనుక వున్న వొక్క నిప్పిల్‌ను వారాల తరబడి తాకలేదు. మబ్బు పట్టిన రోజున, సగం మడి కోశాక ఆ బేరింగు పట్టేసింది. కొత్తది తెచ్చి బిగించేసరికి మరునాడు సాయంత్రమైంది. ఈ లోపల వాన పడనే పడింది. పంట మాత్రం యంత్రం యజమానిది కాదు. కౌలుకు చేసుకుంటున్న వొక చిన్న రైతుది. పడిపోయిన వరిని ఆయన కూలీలను పెట్టి కోయించుకోవలసి వచ్చింది. పనివాణ్ణి అందరూ తిట్టారు గాని, అతని చేతిలో వున్న గన్నుతో ఆ నిప్పిల్ అందదన్న సంగతి ఎవరూ చూడలేదు. నేనూ అంతకు ముందు రెండుసార్లు ఆ షెడ్డుకు వెళ్ళి చూడలేదు.

బ్యాటరీ గన్ను తీర్చే కష్టం సరిగ్గా ఇదే. గన్ను వొక చేత, హోసు ముక్కు వొక చేత. మీట నొక్కితే మోటారు నెడుతుంది. ఇది నిన్న మొన్న వూడిపడ్డది కాదు. స్వీడన్‌లో యుంగ్నర్ అనే శాస్త్రజ్ఞుడు 1899లో నికెల్ కాడ్మియం బ్యాటరీ చేశాడు. 1961లో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ అటువంటి బ్యాటరీతో తీగ లేని డ్రిల్లును అమ్మకానికి పెట్టింది. ఆ దారిలోనే గ్రీజు గన్నులూ వచ్చాయి గాని, అవి బరువు, బ్యాటరీ తొందరగా నీరసించేది. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చాక పనిముట్లు తేలికపడ్డాయి. ఆ బ్యాటరీకి పునాది వేసిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానం ఇచ్చారు. చూశారా, 1942లో గ్రీజులో చేరిన లిథియమే తిరిగి వచ్చి గన్ను పిడిలోనూ చేరింది!

ఇక కొనే సంగతి. మీకు వొక ట్రాక్టరు, వొక రోటవేటరు, వొక ట్రాలీ వున్నాయనుకోండి. రోజూ గ్రీజు కోరేవి పి.టి.ఓ. షాఫ్టు క్రాసులూ, ఇంకొన్నీ. మంచి లీవరు గన్నుకు పొడుగైన హోసూ, నిప్పిల్‌ను పట్టుకుని వదలని తాళం ముక్కూ వేయించుకోండి. మూడో చెయ్యి కొరత సగం తీరుతుంది. బ్యాటరీ గన్ను దానికి ఎన్నో రెట్లు ఖరీదు. ఆ డబ్బు క్రాసు బేరింగులకు దాచుకోండి. కోత యంత్రాలు నడిపేవారికీ, యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలకూ, రిపేరు షాపులకూ మాత్రం కొనమనే చెబుతాను. వొంటరిగా పనిచేసే పెద్దవయసు రైతుకూ, నడుము నొప్పి వున్నవారికీ అది దుబారా కాదు.

అంగడివాడు మొదట వోల్టుల గురించి చెబుతాడు. వోల్టులు ఎక్కువైనంత మాత్రాన వత్తిడి ఎక్కువ కాదు. మీరు అడగవలసింది వేరు. మీ దగ్గర ఇప్పటికే డ్రిల్లో, గ్రైండరో వుంటే ఆ బ్యాటరీయే దీనికీ సరిపోతుందా? రెండు పనిముట్లకు వొకే బ్యాటరీ అయితే సగం ఖర్చు కలిసివస్తుంది. హోసు ఎంత పొడుగు? షెడ్డుకు తీసుకుపోయి, మీరు రోజూ వదిలేసే ఆ నిప్పిల్‌కు అందుతుందో లేదో చూడనివ్వండి అని అడగండి. సిగ్గుపడనక్కరలేదు. మన వూళ్ళలో గ్రీజు డబ్బాల్లోనూ, బకెట్లలోనూ వస్తుంది. విదేశాల్లో వాడే గొట్టాల కార్ట్రిడ్జి మనకు అరుదు. అందుచేత డబ్బానుంచి విడిగా నింపుకోవడానికి వీలున్న గన్నే కావలెను. ఇలా నింపినప్పుడు గాలి పట్టడం మామూలే కనుక, గాలి వదిలే చిన్న మర వుందో లేదో చూసుకోండి. డబ్బా మీద 2 అనో 3 అనో అంకె వుంటుంది. అది చిక్కదనానికి గుర్తు. 3 మరీ గట్టిది. కొన్ని గన్నులు దానిని సరిగా లాగవు. ట్రాక్టరు పుస్తకం ఏ అంకె చెబితే అది వాడండి.

బ్యాటరీని ఎండలో, ట్రాక్టరు పెట్టెలో వదిలెయ్యకండి. గుంటూరు, పల్నాడు ఎండలు నలభై డిగ్రీలు దాటే రోజుల్లో అది తొందరగా చెడుతుంది.

గన్ను ఇంటికి తెచ్చాక వొక పని చేయండి. వొక కాగితం మీద పది సెకన్లు గ్రీజు పోసి, చిన్న తక్కెడలో తూచండి. పాత లీవరు గన్నుతో పది దెబ్బలు కొట్టి అదీ తూచండి. ఇన్నాళ్ళూ "ఆ బేరింగుకు మూడు దెబ్బలు" అని అలవాటు గదా, ఇప్పుడు అది ఎన్ని సెకన్లో తెలుస్తుంది. ఇది తప్పనిసరి. ఎందుకంటే లీవరు కొట్టేటప్పుడు బేరింగు నిండితే చేతికి బిగువు తెలిసేది, చెయ్యి ఆగేది. మోటారుకు ఆ స్పర్శ లేదు. మీరు మీట వదిలేదాకా నెడుతూనే వుంటుంది. సీలు పగిలి గ్రీజు బయటికి తన్నుతుంది. ఆ పగులు గుండా దమ్ము మడిలోని బురద లోపలికి పోతుంది. కరెంటు మోటారు బేరింగులో అతిగా కుక్కితే అది గ్రీజు వల్లనే వేడెక్కుతుంది. పి.టి.ఓ. క్రాసుకు మాత్రం నాలుగు టోపీల దగ్గరా కొత్త గ్రీజు తొంగిచూసేదాకా పెట్టవచ్చు. పని ముగించి, యంత్రం ఇంకా వెచ్చగా వున్నప్పుడు పెడితే పాతదీ, బురదా సులువుగా బయటికి వస్తాయి.

చివరగా చెబుతున్నాను గాని ఇది అన్నిటికంటే ముఖ్యం. ఉద్యోగంలో చేరిన కొత్తలో వొక షెడ్డులో గన్ను నుంచి గ్రీజు వస్తున్నదో లేదో చూద్దామని ముక్కుకు బొటనవేలు అడ్డం పెట్టబోయాను. అక్కడి ముసలి మేస్త్రీ నా చేతిని వొక్క దెబ్బ కొట్టాడు. "వేలు తియ్యండి బాబూ!" అని అరిచి, తన ఎడమ చెయ్యి చూపించాడు. చూపుడువేలు సగమే వుంది. హోసుకు సూది మొనంత చిల్లి పడితే వేలితో మూశాడట. గ్రీజు చర్మం చీల్చుకుని లోపలికి పోయింది. చూస్తే చిన్న పొడుపు. నెత్తురూ లేదు, నొప్పీ పెద్దగా లేదు. పసుపు అద్ది పనిలో పడ్డాడు. మరునాటికి చెయ్యి వాచింది. మూడో రోజున ఆస్పత్రికి వెళితే వేలు తీసేశారు.

కనుక హోసును ఎప్పుడూ స్ప్రింగు తొడుగు వున్న చోటే పట్టుకోండి. నెర్రెలు పడిన హోసును టేపు చుట్టి వాడకండి, పారెయ్యండి. గ్రీజు ఎక్కకపోతే నిప్పిల్ మార్చండి, మీట ఇంకా గట్టిగా నొక్కకండి. ఖర్మ కాలి ఎవరికైనా గ్రీజు చర్మం లోపలికి పోతే, గాయం ఎంత చిన్నదైనా, నొప్పి లేకపోయినా, ఆ గంటలోనే ఆపరేషన్ చేయగల పెద్ద ఆస్పత్రికి తీసుకుపోండి. వేలికి ఏదో గుచ్చుకుందని చెప్పకండి. గ్రీజు గన్ను దెబ్బ అని డాక్టరుగారికి స్పష్టంగా చెప్పండి. వీలైతే గ్రీజు డబ్బాను కూడా వెంట తీసుకువెళ్ళండి.