బందరు రాడార్: అలికిడిని పట్టే రిసీవర్

తుపాను రాడార్‌లో పల్స్‌ను పంపడం కన్నా తిరిగొచ్చిన పల్స్‌ను పట్టుకోవడమే కష్టం. ఆ విద్య కృష్ణా డెల్టా తీరానికి ఆలస్యంగా అందింది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో బందరు (మచిలీపట్నం) ప్రాంతంలో సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన 10 వేలకు పైగా ప్రాణాలు తీసింది. విశాఖపట్నంలో 1970లోనే తుపాను రాడార్ వచ్చినా, కృష్ణా ముఖద్వారాల దగ్గర అప్పటికి అలాంటిది లేదు. మచిలీపట్నానికి అది 1980 దశకంలో వచ్చింది.

ఈ తరహా రాడార్ సుమారు 10 సెంటీమీటర్ల తరంగాన్ని కొద్ది మైక్రోసెకన్ల పల్స్‌లుగా వదిలి, అదే యాంటెన్నాతో వింటుంది. మచిలీపట్నం నుంచి గుడివాడ మీది వానమబ్బు 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం. దాన్ని తాకిన పల్స్ 200 మైక్రోసెకన్లు దాటాక తిరిగొస్తుంది. 400 కిలోమీటర్ల అవతలి మబ్బుకు 2,670 మైక్రోసెకన్లు పడుతుంది. వందల కిలోవాట్లతో వెళ్లిన పల్స్‌లో తిరిగొచ్చేది వాట్‌లో లక్ష కోట్ల వంతు కూడా ఉండకపోవచ్చు. అందుకే రిసీవర్ మొదట ఆ తరంగాన్ని మిక్సర్‌లో మరో తరంగంతో కలిపి, 30 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీకి దించి, దశలవారీగా పెంచుతుంది.

చివర, ఆ అల నుంచి పల్స్ ఆకారాన్ని తీసే డిటెక్టర్ మాత్రం చాలా చిన్నది: ఒక డయోడ్, ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్. ఎవరైనా బల్ల మీద కట్టుకోవచ్చు. మెళకువంతా విలువల ఎంపికలోనే ఉంది. 1 కిలోఓమ్, 100 పికోఫారడ్ కలిస్తే కాలస్థిరాంకం 0.1 మైక్రోసెకను. 30 మెగాహెర్ట్జ్ అల ఒక్కో ఆవృత్తి 0.033 మైక్రోసెకన్లే కాబట్టి అది చదునవుతుంది. 2 మైక్రోసెకన్ల పల్స్ ఆకారం మాత్రం చెడదు. కెపాసిటర్ పదింతలు పెంచితే పల్స్ తోక సాగి, పక్క మబ్బుతో కలిసిపోతుంది.

ఇలా తేలిన పల్స్‌లే గుండ్రని తెర మీద చుక్కలై, వానపట్టీల సుడిగా, నడుమ తుపాను కన్నుగా కనిపించేవి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన పెనుతుపానులో మృతులు వెయ్యికి లోపే. ముందుగా లక్షల మందిని తరలించడం వల్లే ఇది సాధ్యమైంది. హెచ్చరికకు ఆధారమైన సాధనాల్లో రాడార్ ఒకటి.

అయితే డయోడ్ డిటెక్టర్ పల్స్ బలాన్నే ఉంచి, ఫేజ్‌ను (అల దశను) వదిలేస్తుంది. అందువల్ల పాత రాడార్ కన్ను ఎక్కడుందో చూపగలిగింది గాని, లోపలి గాలి వేగాన్ని నేరుగా కొలవలేకపోయింది. ఫేజ్‌ను కూడా కొలిచే డాప్లర్ రాడార్ మచిలీపట్నంలో 2004లో ఏర్పడ్డాకే ఆ లోటు తీరింది.