బస్తరు సీమ నెత్తుటి చరిత్ర

1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట, ప్రతాపరుద్రుని తమ్ముడగు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని ఆ సీమవారి సంప్రదాయము. కావున ఆంధ్రులకు బస్తరు పరాయి దేశము కాదు. అచ్చటి అడవులలో కురిసిన వాన ఇంద్రావతి, శబరి నదుల వెంట వచ్చి గోదావరిలోనే కలియుచున్నది. దంతేశ్వరి ఆలయమును గూర్చియు, డెబ్బదియైదు దినములు సాగు దసరాను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది కలరు. ఆ సీమ ప్రజల ధమనులలోను, సిరలలోను ప్రవహించు నెత్తుటికిని ఒక చరిత్ర కలదు. అది అంతగా ప్రచారమునకు రాలేదు.

ధమని, సిర అను మాటలు ఆయుర్వేదమున ప్రాచీనములే. కాని గుండె వెడలగొట్టిన రక్తమే తిరిగి గుండెకు చేరునని ఋజువు చేసినవాడు ఆంగ్ల వైద్యుడు విలియం హార్వే. ఆయన గ్రంథము 1628లో వెలువడినది. ఆయన ప్రధాన వాదము జమాఖర్చుల గుమాస్తాకైనను సులభముగా బోధపడును. గుండె కొట్టుకొన్న ప్రతిసారియు వెలువడు రక్తము కొంచెమే యైనను, అరగంటలో ఆ మొత్తము శరీరమున ఉన్న రక్తమంతటికంటె మించిపోవును. తిన్న అన్నము నుండి అంత రక్తము పుట్టుట అసంభవము. కనుక ఉన్న రక్తమే మరల మరల తిరుగుచుండవలెను. సిరలలోని కవాటములు రక్తమును గుండె వైపునకే పోనిచ్చునని గూడ ఆయన చూపెను. అయితే ధమని నుండి సిరకు రక్తము చేరు దారి ఏది? దానిని హార్వే చూడలేకపోయెను. ఆయన మరణించిన నాలుగేండ్లకు, 1661లో, ఇటలీ దేశస్థుడగు మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, వెంట్రుక కన్న సన్నని కేశనాళికలను కనుగొనెను.

బస్తరు వృత్తాంతమునకు మూలము ఈ కేశనాళికలే. విశ్రాంతిగా నున్న మనిషి గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును నెట్టును. కాని నెట్టినంత మాత్రమున సరిపోదు. ఎఱ్ఱ కణము వెడల్పు మిల్లీమీటరులో వేయవ వంతులు ఏడో, ఎనిమిదో ఉండును. కేశనాళికలు పెక్కింటి వెడల్పు అంతకంటె తక్కువ. మెత్తని కణము మడత పడి, సన్నగిలి, ఆ ఇరుకు దారిని దాటిపోవును. అది బిరుసెక్కినచో దారి మూసికొనిపోవును. అప్పుడు గుండె ఎంత బలముగా కొట్టుకొన్నను ప్రయోజనము లేదు.

అట్టి బిరుసు కణములను గూర్చి 1910లో చికాగో వైద్యుడు హెరిక్ ప్రకటించెను. గ్రెనడా దీవి నుండి వచ్చిన ఒక విద్యార్థి రక్తములో కొడవలి ఆకారపు కణములు కనబడెను. బస్తరు గిరిజనులు తమ అడవుల కొరకు తెల్లవారి ప్రభుత్వముపై భూమ్‌కాల్ తిరుగుబాటు చేసినది సరిగా ఆ సంవత్సరముననే. చికాగోలో కనబడిన కొడవలి తమలో కొందరి నెత్తుటిలోను కలదని వారెరుగరు. 1949లో పౌలింగు ఇది హీమోగ్లోబిన్‌లోని దోషమని తేల్చెను. 1957లో ఇంగ్రామ్ ఆ దోషమెంత స్వల్పమో చూపెను. 146 అమైనో ఆమ్లముల గొలుసులో ఆరవది మాత్రమే మారినది!

భారతదేశమున ఈ లక్షణము 1952లో నీలగిరి గిరిజనులలోను, అస్సాము తేయాకు తోటల కూలీలలోను కనుగొనబడెను. పదేండ్ల పిమ్మట మానవశాస్త్రజ్ఞుడు ఆర్. ఎస్. నేగీ బస్తరు తెగల నెత్తురు పరీక్షించి, 1962 మొదలు వరుసగా తన ఫలితములు ప్రకటించెను. అడవి దారులలో ఊరూర రక్తపు బొట్లు సేకరించుట ఆ రోజులలో ఎంతటి శ్రమయో కచేరీలలో కూర్చుండువారు ఊహింపవలసినదే.

ఇంతటి హానికర లక్షణము తరతరములుగా ఏల నిలిచినది? తూర్పు ఆఫ్రికాలో పరిశోధించిన ఆలిసన్ 1954లో సమాధానము చెప్పెను. తల్లిదండ్రులలో ఒకరి నుండియే ఈ లక్షణము వచ్చిన బిడ్డకు ప్రాణాంతకమగు మలేరియా నుండి కొంత రక్షణ లభించును. బస్తరు మలేరియాకు పేరుపడిన సీమ. జ్వరము పసివారిని పొట్టన పెట్టుకొనుచున్న అడవిలో అట్టి బిడ్డలు ఎక్కువగా బ్రతికిరి. కాని దానికి వెల చెల్లించువారు వేరు. ఇరువురు వాహకులు పెండ్లాడినచో ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశమున బిడ్డకు రెండు వైపుల నుండియు దోషము సంక్రమించును. ఆ బిడ్డ ఎఱ్ఱ కణములు నూట ఇరువది దినములకు మారుగా పది, ఇరువది దినములే బ్రతుకును. ఎముకలలో, కీళ్ళలో, కడుపులో నాళములు మూసికొనిపోయి భరింపరాని నొప్పులు కలుగును. పైకి గాయము కనబడదు. అందుచే ఇంటివారికిని ఆ బాధ అర్థము కాదు.

2020లో బస్తరులో మలేరియా నిర్మూలనకై ఇంటింటి రక్తపరీక్షలు ప్రారంభమైనవి. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వము షాడోల్‌లో కొడవలి కణ వ్యాధి నిర్మూలనోద్యమమును ప్రారంభించినది. 17 రాష్ట్రములలో నలుబది యేండ్ల లోపు వారు 7 కోట్ల మందిని పరీక్షించుట దాని సంకల్పము. పరీక్షింపబడినవారికి ఫలితము తెలుపు కార్డు నిచ్చుచున్నారు, పెండ్లికి ముందు ఇరువురి కార్డులు సరిచూచుకొనుటకు. వాహకురాలను నెపమున ఏ పిల్లకును సంబంధము తప్పకుండ చూచుట పరీక్ష కన్న కష్టమైన పని. వ్యాధిగ్రస్తులకు హైడ్రాక్సీయూరియా అను మందు కలదు. వైద్యుల పర్యవేక్షణలో ప్రతి దినము వాడినచో నొప్పులు తగ్గును. ఆ మందు కొండపల్లెలలోని బిడ్డలకు ఒక్క దినమైనను తప్పక అందుచుండవలెను.