భయానక కథ చెవికెక్కిన వైనం

ఫ్రాంకెన్‌స్టైన్ తయారుచేసిన వికృత జీవి, దొరబాబులా తిరిగే రక్తపిశాచి. ఇంగ్లీషు భయానక సాహిత్యంలో అందరికీ తెలిసిన ఈ రెండు పాత్రలూ కథలు పైకి చదువుకున్న రాత్రుల్లోంచి పుట్టినవే. 1816 జూన్‌లో జెనీవా సరస్సు ఒడ్డున విల్లా డియోడాటీలో కవులు బైరన్, షెల్లీ, అప్పటికింకా షెల్లీని పెళ్ళాడని మేరీ, డాక్టర్ పాలిడోరి వానకు చిక్కుకుపోయారు. జర్మన్ దయ్యాల కథల ఫ్రెంచి అనువాదం ఒకటి దొరికితే దాన్ని చదువుకుంటూ కాలక్షేపం చేశారు. మనమూ తలా ఒకటి రాద్దామన్నాడు బైరన్. మేరీ 'ఫ్రాంకెన్‌స్టైన్' (1818), పాలిడోరి 'ది వాంపైర్' (1819) ఆ మాట ఫలితమే. ఒక రాత్రి బైరన్ కోల్‌రిడ్జ్ కవిత 'క్రిస్టబెల్' వినిపిస్తుండగా షెల్లీ కెవ్వున అరిచి, తల పట్టుకుని, కొవ్వొత్తితో సహా గదిలోంచి పరుగెత్తాడు. మొహాన నీళ్ళు చల్లి, ఈథర్ ఇవ్వాల్సి వచ్చిందని పాలిడోరి డైరీలో రాసుకున్నాడు. చదువుకునేవాడు భయమేస్తే పుస్తకం మూసేస్తాడు, లేదా నాలుగు వాక్యాలు దాటేస్తాడు. వినేవాడికి ఆ వీలు తక్కువ. కథ నడక అవతలివాళ్ళ చేతిలో ఉంటుంది.

ఈ సంగతి డికెన్స్‌కు బాగా తెలుసు. 'ఆలివర్ ట్విస్ట్'లో సైక్స్ నాన్సీని చంపే ఘట్టాన్ని ఆయన 1869 జనవరి నుంచి టిక్కెట్టు సభల్లో చదవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు స్పృహ తప్పేవారు. చదివినాయన పరిస్థితీ అంతంతమాత్రమే. మామూలుగా 72 ఉండే నాడి ఆ ఘట్టం ముగిసేసరికి 110 దాటేది. డాక్టర్లు వద్దన్నా మానలేదు. 1870 జూన్‌లో కన్నుమూశాడు.

కేంబ్రిడ్జిలో ఎం.ఆర్. జేమ్స్ పద్ధతి పూర్తిగా వేరు. అరుపులూ అభినయమూ లేవు. 1893 అక్టోబరు 28న ఒక చిన్న విద్యార్థి సంఘంలో రెండు దయ్యాల కథలు చదివి మొదలుపెట్టిన ఈ పండితుడు, తర్వాత ఏటా క్రిస్మస్‌కు కింగ్స్ కాలేజీలోని తన గదిలో మిత్రులకు కొత్త కథ వినిపించేవాడు. సిరా ఆరని కాగితాలతో వచ్చి, ఒక్కటి తప్ప కొవ్వొత్తులన్నీ ఆర్పేసి, దాని వెలుగులో చదివేవాడట. 1904లో అచ్చయిన ఆయన తొలి సంపుటి చాలావరకు ఇలా వినిపించిన కథలదే. ఎక్కడ ఆగాలో, ఏది చెప్పకుండా వదిలేయాలో ఆ కథలకు బాగా తెలియడం అందుకే కావచ్చు.

యంత్రం వచ్చాక కథ గది దాటింది. 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన ఎడిసన్, మరుసటి ఏడు దాని ఉపయోగాల జాబితా రాస్తూ అంధుల కోసం మాట్లాడే పుస్తకాలను అందులో చేర్చాడు. ఆ మాట నిజం కావడానికి అర్ధశతాబ్దం పట్టింది. అమెరికాలో 1934లో, బ్రిటన్‌లో 1935లో అంధులకు రికార్డు పుస్తకాలు అందాయి. బ్రిటన్‌లో తొలివిడతలో వెళ్ళినవాటిలో అగాథా క్రిస్టీ హత్యా నవల ఒకటి. ఒక్కో పక్క 25 నిమిషాలే పట్టేది కాబట్టి మామూలు నవలకు పది గ్రామఫోను ప్లేట్లు కావాల్సివచ్చేవి. హంతకుడు ఎవరో తెలియబోయేముందు లేచి ప్లేటు తిప్పుకోవాలన్నమాట.

ఈలోగా రేడియో భయాన్ని వేరే దారి పట్టించింది. 1934లో షికాగోలో మొదలైన 'లైట్స్ అవుట్' అర్ధరాత్రి వచ్చేది. మొదట విల్లిస్ కూపర్, తర్వాత ఆర్చ్ ఒబోలర్ రాశారు. తల తెగే చప్పుడుకు క్యాబేజీని నరికేవారు. ఎలక్ట్రిక్ కుర్చీలో మనిషి మాడుతున్నాడంటే అది పెనం మీద వేగుతున్న పంది మాంసం. ఒళ్ళంతా లోపలిది బయటికి తిరగబడే మనిషి కోసం తడి రబ్బరు తొడుగును తిరగదీసేవారు. స్టూడియోలో వంటింటి సామాను, వినేవాళ్ళకు చెమటలు! అయితే ఈ చప్పుళ్ళు తొందరగా పాతబడతాయి. ఈనాటి చెవికి వాటిలో కొన్ని నవ్వు తెప్పిస్తాయి కూడా. ఒక్క గొంతుతో చదివినవి అంత తేలిగ్గా పాతబడలేదు.

1948లో ఎల్‌పీ రికార్డు, 1952లో న్యూయార్కులో ఇద్దరు యువతులు పెట్టిన కేడ్మన్ కంపెనీ వచ్చాయి. షెర్లాక్ హోమ్స్ వేషంతో పేరుపడ్డ బాసిల్ రాత్‌బోన్ చేత ఆ కంపెనీ ఎడ్గార్ అలన్ పో కథలు చదివించింది. కథ ఒక్కసారి కూర్చుని చదివేంతలో, అరగంట నుంచి రెండు గంటల లోపు ముగియాలని పో 1842లోనే రాశాడు. నల్లపిల్లి కథ రికార్డు ఒక్క పక్కలో ఇమిడిపోవడానికి కారణం ఆ పట్టుదలే. నవలకు మాత్రం అక్కడ చోటు లేదు.

చోటు చేసింది క్యాసెట్టు. కారులో ఆఫీసుకు వెళ్ళొచ్చే విసుగు భరించలేక డువాల్ హెక్ట్ అనే ఒలింపిక్ పడవ పోటీల విజేత 1975లో కాలిఫోర్నియాలో 'బుక్స్ ఆన్ టేప్' పెట్టి, పూర్తి పుస్తకాలను టపాలో అద్దెకు పంపాడు. కానీ కొట్లలో అమ్మే క్యాసెట్లు వేరు. ఎక్కువగా రెండు క్యాసెట్లు, మూడు గంటలు. నవలను కత్తిరించి అందులో ఇరికించేవారు. ఆ కత్తెరకు మొదట బలయ్యేది వాతావరణం. చినుకులు, ఖాళీ ఇల్లు, ఏమీ జరగని సాయంత్రం వంటివి పోయి సంఘటనలు మిగిలేవి. భయం చాలావరకు ఆ పోయిన పేజీల్లోనే ఉండేది.

నవలికకు అదృష్టం పట్టింది ఇక్కడే. 25 వేల నుంచి 35 వేల మాటల రచనను పత్రికలూ వేసుకోవు, పుస్తకంగానూ అమ్ముడుపోదు అని స్టీఫెన్ కింగ్ 1982లో నాలుగు నవలికల 'డిఫరెంట్ సీజన్స్' చివర వాపోయాడు. పైకి చదివితే అది మూడు నాలుగు గంటలు, ఒక సాయంత్రం ప్రయాణం. ఆయన 'ది మిస్ట్' నవలికను 1984లో నాటకంగా, రెండు చెవుల మధ్య శబ్దం తిరిగేలా కృత్రిమ తలలో మైకులు పెట్టి రికార్డు చేశారు. 'ఫోర్ పాస్ట్ మిడ్‌నైట్' (1990)లోని నాలుగింటిని విలెమ్ డఫో, జేమ్స్ వుడ్స్ సహా నలుగురు తలా ఒకటి చదివారు. 1999లో కింగ్ మూడు కథలను తానే చదివి, సిగరెట్ పెట్టెలాంటి అట్టలో 'బ్లడ్ అండ్ స్మోక్' పేరిట విడుదల చేశాడు. అచ్చు సంపుటిగా కాకుండా నేరుగా చెవికి అమ్మిన సంపుటి అది.

'ఫుల్ డార్క్, నో స్టార్స్' (2010) వింటే ఈ పద్ధతి బలం తెలుస్తుంది. మొదటి నవలిక '1922' నెబ్రాస్కా రైతు విల్‌ఫ్రెడ్ జేమ్స్ ఒప్పుకోలు పత్రం. పొలం అమ్ముదామన్న భార్యను కొడుకు సాయంతో చంపి పాడుబావిలో పడేసిన మనిషి, ఎలుకలు వెంటాడుతున్నాయంటూ రాసుకుపోతాడు. క్రెయిగ్ వాసన్ చదివిన ఆ పాఠంలో చప్పుళ్ళేమీ లేవు. హంతకుడు 'నేను' అంటుంటే ఆ మాట పక్కనే కూర్చున్న మనిషి మాటలా ఉంటుంది. అచ్చులో చదివినప్పుడు అతను అబద్ధాలకోరు అని వెంటనే పట్టేసే పాఠకుడు, వింటున్నప్పుడు కాసేపైనా అతన్ని నమ్ముతాడు. స్త్రీల వైపు నుంచి నడిచే రెండు నవలికలు జెస్సికా హెక్ట్ గొంతులో వస్తాయి. గొంతు మారగానే పగ దిశ కూడా మారినట్టుంటుంది.

ఇలాంటి చదువు తేలికైన పనేమీ కాదు. గది పూర్తి నిశ్శబ్దంగా ఉండాలి. ఆకలికి కడుపులో గుడగుడలాడినా మైకు పట్టేస్తుంది. తప్పు చదివితే ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదవాలి. కోపం, గుసగుస గంటల తర్వాత కూడా మొదటి స్థాయిలోనే ఉండాలి.

1995లో డాన్ కాట్జ్ స్థాపించిన ఆడియో పుస్తకాల సంస్థ ఆడిబుల్ రెండేళ్ళకు విడుదల చేసిన చేతి యంత్రంలో సుమారు రెండు గంటల పాఠమే పట్టేది. 2008లో అమెజాన్ ఆ సంస్థను దాదాపు 30 కోట్ల డాలర్లకు కొనేనాటికి నిడివి బాధ తీరిపోయింది. కత్తిరింపు పాఠాలు క్రమంగా మాయమయ్యాయి. అయినా నవలికల సంపుటి నిలిచింది. 2020లో వచ్చిన కింగ్ 'ఇఫ్ ఇట్ బ్లీడ్స్'లోని నాలుగింటిని విల్ ప్యాటన్, డానీ బర్‌స్టైన్, స్టీవెన్ వెబర్ పంచుకుని చదివారు. అందులో చప్పుళ్ళ కంటే గొంతులకే పని ఎక్కువ.