తుపాకీలో కొయ్యముక్క

టెక్సాస్‌లో ఉన్నంతకాలం పిస్తోలు మ్యాగజైన్‌లో 15 తూటాలు పట్టినా అడిగేవాడు లేడు. ఉద్యోగం మారి న్యూజెర్సీ చేరితే అదే మ్యాగజైన్ దగ్గర ఉంచుకోవడం నేరం. అక్కడ 1990లో 15 దాటకూడదన్నారు, 2018లో దాన్ని 10కి దించారు. ఘంటసాల, చల్లపల్లి, అవనిగడ్డల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడి, సెలవు రోజున సరదాకి షూటింగ్ రేంజికి వెళ్లే మనవాళ్లు ఈ చిక్కు గురించి చెబితే ఊళ్లో పెద్దలకు నవ్వొస్తుంది. ఇక్కడ తుపాకీ లైసెన్సుకే బందరు కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి, ఇక తూటాల లెక్క ఎవడికి కావాలి అంటారు. కానీ ఆ లెక్క మన దేశంలోనూ ఒకప్పుడు వేశారు, అదీ మహా కఠినంగా. మన పోలీసు చేతికిచ్చిన తుపాకీలో ఒక్క తూటాకు మించి పట్టకుండా చేశారు.

అసలు మ్యాగజైన్ పుట్టినప్పుడే దాన్ని చూసి భయపడినవాళ్లు సైన్యాధికారులు. 1860లో అమెరికాలో స్పెన్సర్ తుపాకీ వచ్చింది. కుందాలో దాచిన గొట్టంలో ఏడు తూటాలు. అదే ఏడు వచ్చిన హెన్రీ రైఫిల్లో పదహారు. అంతవరకు ఒక్కో గుండూ కూరుకుంటూ కాల్చిన సిపాయికి ఇది వరమే. కానీ అమెరికా సైన్యానికి ఆయుధాలు సమకూర్చే శాఖాధిపతి జేమ్స్ రిప్లీ మాత్రం ససేమిరా అన్నాడు, సిపాయిలు తూటాలు తగలేస్తారని. చివరికి 1863 ఆగస్టులో అధ్యక్షుడు లింకనే స్వయంగా స్పెన్సర్ కాల్చి చూశాడు.

ఇవాళ మనం మ్యాగజైన్ అంటున్న పెట్టెకు రూపమిచ్చినవాడు జేమ్స్ పారిస్ లీ. స్కాట్లాండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసిన మనిషి. 1879లో పేటెంటు తీసుకున్నాడు. పలచటి ఉక్కురేకు పెట్టె, లోపల మడతలు పడ్డ స్ప్రింగు, దాని మీద చిన్న పలక, పలక మీద వరసగా తూటాలు. బోల్టు ముందుకు తోస్తే పైతూటా గొట్టంలోకి జారుతుంది, స్ప్రింగు తర్వాతిదాన్ని పైకెత్తి పెడుతుంది. ఖాళీ అయితే పెట్టె ఊడదీసి ఇంకోటి తగిలించుకోవచ్చు. అంతే యంత్రం. 1888లో బ్రిటన్ దీన్ని లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్లో పెట్టింది. మొదట ఎనిమిది తూటాలు, 1892 నుంచి పది. 1895లో అది లీ-ఎన్‌ఫీల్డ్ అయింది, మన నోట త్రీనాట్‌త్రీ అయింది. అప్పుడు కూడా అధికారుల అనుమానం తీరలేదు. మ్యాగజైన్ మీద అడ్డంగా జారే ఇనుపరేకు ఒకటి పెట్టించారు. అది మూసి ఉంటే సిపాయి ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకుని కాల్చాల్సిందే. పెట్టెలోని పదీ ఆపద్ధర్మానికి.

సొంత సిపాయిల మీదే అంత నమ్మకముంటే మన సిపాయిల మీద ఎంతుంటుంది? 1857 తిరుగుబాటు అణిచాక దేశీయ పటాలాలకు ఒక తరం పాత తుపాకీ ఇవ్వడం తెల్లవాళ్ల విధానమైంది. తెల్ల సిపాయి మార్టిని పట్టుకుంటే దేశీ సిపాయికి స్నైడర్. అతనికి లీ-మెట్‌ఫర్డ్ వస్తే ఇతనికి పాత మార్టిని. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చి జనం తుపాకులకు లైసెన్సు పెట్టారు, యూరోపియన్లను అందులోంచి మినహాయించారు. దీన్ని శాంతిభద్రతల చట్టం అనడం నాకు నోరురాదు. అది నిరాయుధీకరణ.

పోలీసు స్టేషన్ తుపాకీ ఎవరి చేతికైనా పోవచ్చన్న భయం వట్టిదేం కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి 26 తుపాకులు పట్టుకుపోయాడు. నెల తిరిగేసరికి సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు హతమయ్యారు.

ఇక కొయ్యముక్క సంగతి. బెంగాల్‌లోని ఈశాపూర్ ఫ్యాక్టరీలో లీ-ఎన్‌ఫీల్డులను పోలీసులకూ కాపలాదారులకూ వేరే అవతారంలోకి మార్చారు. గొట్టం లోపలి మరలు చెరిపి .410 బోరుకు నున్నగా తొలిచారు, సైన్యం వాడే .303 తూటా అందులో పనికిరాకుండా. మ్యాగజైన్ ఉండాల్సిన చోట కొయ్యముక్క బిగించారు. పది తూటాల రైఫిలు ఒంటితూటా మస్కెట్ అయిపోయింది. పైనుంచి చూస్తే అదే కుందా, అదే బోల్టు. చేత్తో ఒకటి పెట్టు, కాల్చు, మళ్లీ ఒకటి పెట్టు. మ్యాగజైన్ సామర్థ్యం మీద ఆంక్షకు ఇంతకన్నా నిక్కమైన ఉదాహరణ నాకు కనబడలేదు. దానికోసం ప్రత్యేకంగా చట్టం కూడా అక్కర్లేకపోయింది, వడ్రంగి చాలాడు.

విచిత్రమేమంటే అమెరికాలోనూ లెక్క కొయ్యముక్కతోనే ఊళ్లకెక్కింది. 1927లో మిషిగాన్, రోడ్ ఐలాండ్ లాంటి రాష్ట్రాలు మద్యనిషేధం నాటి ముఠాలకు జడిసి ఏవో పరిమితులు పెట్టుకున్నాయి గానీ, దేశమంతటా వేటగాళ్లను పట్టుకున్న నియమం 1935 నాటిది. కరవుల్లో చెరువులెండి బాతులు తరిగిపోతే, వలసపక్షుల వేటలో తుపాకీలో మూడు తూటాలకు మించి ఉండకూడదన్నారు. అయిదు పట్టే బ్రౌనింగ్ తుపాకీ గొట్టంలో కొయ్యపుల్ల దూర్చుకుంటే సరి. మనుషుల విషయంలో దేశవ్యాప్త పరిమితి రావడానికి 1994 దాకా పట్టింది. 10కి మించి పట్టే కొత్త మ్యాగజైన్లు వద్దన్న ఆ చట్టం పదేళ్ల గడువుతో వచ్చి 2004లో రాలిపోయింది. అప్పట్నుంచి ఎవరి రాష్ట్రం వారిది. కాలిఫోర్నియాలో 10, కొలరాడోలో 15, టెక్సాస్‌లో ఎంతైనా.

మన కొల్లేరులో ఈ బెడద రాలేదు. చలికాలంలో పరజలు దిగే ఆ నీళ్లలో వేటకు పేరుమోసింది పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకీ. రెండు పేల్చాక నడుం విరిచి, ఖాళీ గుల్లలు లాగి, కొత్తవి పెట్టుకునేలోగా గుంపు లేచి పోతుంది. తుపాకీ తయారీలోనే పరిమితి ఉంది. 1972 వన్యప్రాణి చట్టం వేటకు పగ్గం వేసింది, 1991 సవరణ లైసెన్సు వేటను కూడా మాన్పించింది.

స్వతంత్రం వచ్చాక ఏం మారింది? 1931 కరాచీ కాంగ్రెస్ పౌరుడికి ఆయుధ హక్కు ఉండాలని తీర్మానించింది. రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ మేరకు సవరణ పెడితే అంబేద్కర్ ఒప్పుకోలేదు. 1959 ఆయుధాల చట్టం, 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది, మ్యాగజైన్ మాట ఒక్కచోట ఎత్తింది: ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా పేలే తుపాకీ నిషిద్ధం. ఎన్ని పట్టాలన్న అంకె అందులో లేదు. త్రీనాట్‌త్రీ మామూలు జనానికి దొరకనిది పది తూటాలు పడతాయని కాదు, సైన్యం తూటా అందులో పేలుతుందని. అందుకే ఈశాపూర్‌లో అదే లీ బోల్టుతో .315 రైఫిలు చేసి పౌరులకు అమ్మారు. తెల్లవాడి అనుమానం పోయినా వాడి కొలబద్ద మిగిలిందని నా అభిప్రాయం.

తూటాలు లెక్కపెట్టి కాల్చేది ఇప్పుడు ఆటలోనే. 25 మీటర్ల పిస్తోలు పోటీలో విడతకు అయిదు తూటాలు, .22 బోరు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చింది ఆ అయిదేసి తూటాలతోనే.

తాతగారి తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక మాట. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, మూడోది అప్పగించాలి. ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది, ఆ అంకెలు చూసుకోండి. లైసెన్సు మనిషితోనే పోతుంది, వారసుడికి దానంతట అది రాదు. పెద్దాయన పోతే తుపాకీని స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి, రసీదు తీసుకుని, వారసుడి పేరున కొత్త లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోండి. ఆయనకు 70 ఏళ్లు నిండితే బతికుండగానే మార్పించుకునే వీలు 2016 నియమాల్లో ఉంది.