ఆయుధముల లెక్క

గృహస్థునకు తుపాకులెన్ని యుండవచ్చునను ప్రశ్న మన దేశమున మొదట గౌరవప్రశ్నగా పుట్టినది. లిట్టను ప్రభువు కాలమున, 1878లో, ఆయుధచట్టము వెలసెను. తుపాకి యుంచుకొనుటకు భారతీయులకు లైసెన్సు విధింపబడెను. ఐరోపావారికి మినహాయింపు కలిగెను. 1887లో చెన్నపట్టణమున కూడిన కాంగ్రెసు మహాసభ ఆ నిర్బంధమును సడలింపుమని కోరెను. ఆ పెద్దలు కోరినది తుపాకుల రాశి కాదు, ప్రజలయందు విశ్వాసము.

స్వరాజ్యము వచ్చిన పిదప, 1948 డిసెంబరులో, ఆయుధధారణమును ప్రాథమికహక్కు చేయవలెనని హరివిష్ణు కామత్‌గారు రాజ్యాంగసభలో సవరణ తెచ్చిరి, సభ అంగీకరింపలేదు. 1959లో క్రొత్త చట్టము వచ్చెను. దానికి 1983లో జరిగిన సవరణ సాధారణ పౌరునికి మూడు తుపాకులనియు, 2019 నాటి సవరణ రెండనియు హద్దు గీచినవి.

జాతిని చూచి గీచిన హద్దు అవమానము. ప్రజలెన్నుకొన్న సభ అందఱకు నొక్కటిగా గీచిన హద్దు అట్టిది కాదు. నిజముగా ప్రాణభయము గలవానికి ఒక్కటి చాలును. మూడవదానిని కోరువాడు రక్షణను గాక ఆడంబరమును కోరుచున్నాడు.